రెండు బారలు కుడికి

తాళంచెవి ఇమ్మని మంచుబళ్ళ క్లబ్బు అధ్యక్షుడు గేతాన్ మొర్నో నోరు తెరిచి అడగలేదు. చేతితొడుగు ఊడదీసి, అరచేతిని షెడ్డులోని బల్లమీద వెల్లకిలా పెట్టి, ఆ చేతినే చూస్తూ నిలబడ్డాడు.

సొలాంజ్ అప్పుడే యంత్రం దిగింది. మంచుమీద నడిచే మోటారుబళ్ళ కోసం బాటను చదును చేసే యంత్రం అది. ముందు వెడల్పాటి ఇనుపరెక్క, వెనక గదంత పొడవున ఈడ్చుకువచ్చే గుంటక. ఆ గుంటక పళ్ళకు పట్టిన మంచుగడ్డలను ఇనుపకడ్డీతో తట్టి రాల్చే పని ఇంకా సగంలోనే ఉంది. గడ్డలను అలాగే వదిలేస్తే మర్నాటి బాటమీద వేలెడు లోతు గీతలు పడతాయి. అందుకే ఆమె గేతాన్ చేతిని చూసి కూడా మరో నాలుగు పళ్ళు తట్టి, కడ్డీని గోడకు ఆనించి, అప్పుడు వచ్చింది.

"ఏమిటిది?"

"ఫిలిబేర్ బాబాయ్ దారి మూసేశాడు. బాటకి అడ్డంగా దూలం వేసి, దానిమీద ఎర్రరంగుతో 'దారి లేదు' అని రాశాడు. రాత చూస్తే భయమేస్తుంది, అంత లావు అక్షరాలు."

"ఎందుకూ?"

"నన్నడుగుతావేం? నువ్వే చెప్పాలి. బాట ఆయన వెల్లుల్లి మడిమీంచి పోయింది. నిన్న మంచు తవ్వి చూసుకున్నాట్ట. పైన పరిచిన ఎండుగడ్డి అంతా అప్పడంలా అణిగిపోయింది. కింద ఐసు గట్టిపడింది. ఊపిరాడక వెల్లుల్లి చచ్చిందని ఒకటే కేకలు. పొద్దున్నే ఫోన్లో చర్చిసామాను మొత్తం వినిపించాడు."

ఆ ప్రాంతంలో కోపం వచ్చినవాడు తిట్టేది మనిషిని కాదు. పూజాపాత్రనూ బలిపీఠాన్నీ ధూపకలశాన్నీ వరసపెట్టి తిడతాడు. ఫిలిబేర్ ఆ విద్యలో ఆరితేరినవాడు.

"నేను బాటకి గుర్తుగా పాతిన కొయ్యల మధ్యలోంచే నడిపాను, గేతాన్."

"ఆ కొయ్యలే కదా గొడవ. కొత్త సంవత్సరం వారంలో, మంచులో మునిగిపోతున్నాయని వాటిని పైకి లేపింది ఎవరు?"

"నేనే. కానీ పీకలేదు. కట్టాను."

"ఏదైతేనేం, చెయ్యి నీదే కదా."

"ఏదైతేనేం కాదు..."

"సొలాంజ్." అతని గొంతు మెత్తబడింది, మెత్తబడిన గొంతే ఆమెను ఎక్కువ కంగారుపెట్టింది. "శనివారం మూడొందల బళ్ళు వస్తున్నాయి. మోంట్రియాల్ నుంచి, క్విబెక్ సిటీ నుంచి. ఆయన పొలం దాటితేగానీ వంతెన లేదు, వంతెన లేకపోతే మన ఊరే లేదు. నడిపేవాళ్ళని మార్చానని చెప్తే పెద్దాయన కొంచెం కరుగుతాడేమో. ఈ సీజన్‌కి మా బావమరిది నడుపుతాడు. వచ్చే ఏడు సంగతి వచ్చే ఏడు చూద్దాం."

"క్లోవిస్‌కి ఇస్తావా యంత్రం? వాడు శవాన్ని కూడా పరుగెత్తించి పాతిపెట్టే రకం."

గేతాన్ నవ్వలేదు. అరచేతిని అలాగే ఉంచాడు. పదకొండు శీతాకాలాలుగా తన కోటు జేబులో తిరిగిన తాళంచెవిని సొలాంజ్ అందులో పెట్టింది. అది కింద పడకుండా గేతాన్ వేళ్ళు ముడిచిన తీరు చూస్తే, దొంగ దగ్గర సొత్తు రాబట్టుకున్నవాడిలా కనిపించాడు. ఊళ్ళో ఎవరైనా సొలాంజ్ గురించి చెప్పవలసి వస్తే మొదట చెప్పేది ఆమె గీత తప్పదనే. ఇక ఆ మాట అనరు.

ఆ రోజంతా ఆమె ఇంట్లో ఒకచోట కూర్చోలేకపోయింది. పైకప్పుమీద మంచు దింపింది. ఆ ఏడాది మంచు అలా ఇలా లేదు. క్రిస్మస్‌నుంచి పదిరోజులకొకసారి కప్పులు దింపవలసి వస్తోంది. దింపిన మంచును వాకిట్లోంచి తోసేసింది. తోసినచోట గుట్ట వంకరగా ఉందని మళ్ళీ చెక్కింది. పొయ్యిలో బూడిద తీసింది, ఫ్లాస్కులో కాఫీ పోసుకుంది, తాగకుండానే మూత బిగించింది, విప్పింది, మళ్ళీ బిగించింది. మధ్యాహ్నం నాలుగుగంటలకు షెడ్డువైపునుంచి యంత్రం బయలుదేరిన శబ్దం వినిపించింది. వింటూ నిలబడింది. ఇంజను వేడెక్కకముందే గేరు మార్చేశాడు. ఆమె కుడికాలు వంటింటి నేలమీద తనంతట తానే బ్రేకు నొక్కింది.

బుధవారం పొద్దున్న ఆమె ఉగెత్ హోటలుకు వెళ్ళింది. వెళ్ళకూడదనుకుంటూనే వెళ్ళింది. ఆ హోటలు బాట పక్కనే ఉంటుంది. మంచుబళ్ళు నేరుగా మెట్లదాకా వచ్చి ఆగుతాయి. లోపల తడిసిన బూట్లు, పొయ్యిచుట్టూ ఆరేసిన తొడుగులు, పందిమాంసంతో ఉడికిన చిక్కుళ్ళ వాసన. గల్లాపెట్టె పక్కన రొట్టెలు కాల్చే యంత్రం, దాని పక్కన క్లబ్బు రేడియో. చదును చేసేవాళ్ళూ బాటలమీద కాపలా తిరిగేవాళ్ళూ మాట్లాడుకునే ప్రతి ముక్కా ఆ రేడియోలో వినిపిస్తుంది. ఊరికి అది వార్తాపత్రిక.

"రావే సొలాంజ్," అంది ఉగెత్, అడక్కుండానే కప్పు ముందుకు తోస్తూ. "తిన్నావా? మొహం చూడు, ఉడకేసిన ముల్లంగిలా ఉంది."

"ఆకలి లేదు."

"ఆకలి లేనివాళ్ళు హోటలుకి రారు. కూర్చో."

కిటికీ పక్క బల్లదగ్గర నలుగురు పొరుగూరివాళ్ళు నడుములు పట్టుకుని దిగాలుగా కూర్చున్నారు. ఫిలిబేర్ పొలం మూతపడటంతో అందరూ పెర్ద్రీ వాగు చుట్టూ నలభై కిలోమీటర్లు తిరిగి రావలసి వస్తోంది. ఆ చుట్టుదారిని ముందురోజు చదును చేసింది క్లోవిస్.

"అక్కా, ఇదేం బాట?" అన్నాడు వాళ్ళలో ఎర్రగడ్డంవాడు ఉగెత్‌తో. "బట్టలుతికే బండమీద కూర్చోబెట్టి ఈడ్చినట్టుంది. పర్మిట్టు ఈ ఏడు మళ్ళీ పెంచారు. అయిదువందల డాలర్ల పైచిలుకు పోసి బండి మూతిమీద స్టిక్కరు అంటించుకున్నా. దాన్ని పీకి నడుముకి నొప్పిపట్టులా వేసుకుంటే నయం."

"వేసుకో. పట్టు తగ్గితే ఇంకోటి కొనుక్కో," అంది ఉగెత్.

"నవ్వకు అక్కా. డబ్బులన్నీ ఎటు పోతున్నాయి?"

"మంచు చదును చెయ్యడానికి."

"ఎక్కడ చేశారు? నాకు చూపించు, ముద్దుపెట్టుకుంటాను."

బల్లంతా నవ్వింది. సొలాంజ్ నవ్వలేదు. రేడియోలో క్లోవిస్ గొంతు వచ్చింది: "వాగు మలుపు దాటాను, పద్దెనిమిది నిమిషాల్లో పైగుట్టకి చేరుకుంటా." ఆమె వేళ్ళు కప్పు అంచుమీద లెక్కపెట్టాయి. ఆ మలుపునుంచి పైగుట్టకు నలభై నిమిషాలకు తక్కువ పట్టకూడదు. రెక్క గతుకుల అడుగుదాకా దిగి కోయాలి; కోసిన మంచు గుంటకలో తిరగబడి పొడికావాలి; ఆ పొడిని గుంటక వెనకున్న పలక అదిమి వదలాలి. తొందరపడితే గతుకుల తలలు మాత్రమే తెగి గుంటల్లో పడతాయి. పైకి అద్దంలా ఉంటుంది, యాభై బళ్ళు పోగానే అడుగునున్న గతుకులన్నీ మళ్ళీ పైకి తేలతాయి. ఆపైన నాలుగైదు గంటలు ఎవరూ తొక్కకుండా ఉంటేనే బాట గట్టిపడుతుంది. శనివారానికి ఇంక మూడురోజులు.

"ఆవిడే కదూ?" అని ఎర్రగడ్డంవాడు గొంతు తగ్గించాననుకుని అన్నాడు. "ముసలాయన పొలం తొక్కించిన డ్రైవరు?"

"ఆవిడేనట. గీత తప్పిందట."

ఉగెత్ చిక్కుళ్ళ గిన్నెను వాళ్ళ బల్లమీద చప్పుడయ్యేలా పెట్టింది. "తినేటప్పుడు మాట్లాడితే పొలమారుతుంది బాబూ. ఇక్కడ డాక్టరు కూడా లేడు."

సొలాంజ్ కాఫీ వదిలేసి బయటికి వచ్చింది. మెట్లమీద నిలబడి తొడుగులు వేసుకుంటుంటే ఒక్కటే మాట బుర్రలో తిరిగింది. గీత తప్పిందట. తప్పానా? ఈ శీతాకాలమే పదిహేనుసార్లు నడిపిన చోటు. జనవరి మంచుతుఫానులో కొయ్యల తలలు తప్ప ఏమీ కనబడని రోజున కూడా ఆ తలల మధ్యనే నడిపింది. అయినా ఇంతమంది ఒకే మాట అంటుంటే తన కళ్ళమీద తనకే నమ్మకం పలచబడుతోంది. దాన్నే ఆమె భరించలేకపోయింది.

గురువారం మధ్యాహ్నం ఆమె తన పాత మంచుబండిమీద పార, ఇనుపకడ్డీ కట్టుకుని బయలుదేరింది. ఫిలిబేర్ వేసిన దూలందగ్గర బండి ఆపేసి, మంచులో దిగబడకుండా కాళ్ళకు జల్లెడల్లాంటి వెడల్పు చెప్పులు కట్టుకుని, దూలాన్ని దాటకుండా చుట్టూ తిరిగి కంచెవార నడిచి లోపలికి వెళ్ళింది. బండి తీసుకెళ్ళకపోవడం ఆయనకిచ్చే మర్యాద అనుకుంది. నడిచివెళ్ళడం మాత్రం మర్యాద ఎలా అయిందో ఆలోచించలేదు.

కొయ్యలు వరసగా నిలబడి ఉన్నాయి. ఏడోదాన్ని ఎంచుకుంది, ఎందుకంటే అది బాట అంచునుంచి అరగజం దూరంలో తొక్కుడు పడని మంచులో ఉంది. తవ్వడం మొదలుపెట్టింది. మొదటి రెండడుగులు పొడిమంచు, పార పాలలో దిగినట్టు దిగింది. ఆ తర్వాత జనవరిలో ఒకరోజు వాన కురిసి గడ్డకట్టిన పొర వచ్చింది. దాన్ని కడ్డీతో పగలగొట్టింది. దానికింద తను కట్టిన తీగ కనిపించింది. మిగతావాళ్ళు మునిగిన కొయ్యను ఊపి ఊపి పీకి పైన మళ్ళీ గుచ్చుతారు. రెండు గాలులకు అది పడిపోతుంది. సొలాంజ్ పీకదు. పాతదాని మెడకు కొత్తదాన్ని ఆనించి రెండుచోట్ల తీగ బిగిస్తుంది. కట్టాను అని గేతాన్‌తో అన్నది అందుకే. అతను విననిది కూడా అదే.

తీగకట్టు కింద క్రిస్మస్ మంచు, దానికింద నవంబరు మంచు, మెత్తగా, నీలంగా. గొయ్యి ఆమె భుజాల లోతయింది. పార ఇంక పట్టదు. మోకాళ్ళమీద కూర్చుని చేతులతో తీస్తుంటే ముందు వాసన వచ్చింది. వెల్లుల్లి. అంత చలిలో, ఆ తెల్లటి గొయ్యి అడుగునుంచి, వంటిల్లు తెరిచినట్టు. తడిసిన ఎండుగడ్డి వేళ్ళకు తగిలింది. గడ్డిలోంచి కొయ్య నేలలోకి దిగి ఉంది. రెండుచేతులతో పట్టి గుంజింది. నేలతోపాటు పుట్టినట్టు, అణువంత కదల్లేదు.

"ఎవరది నా పొలంలో గోరీ తవ్వేది?"

ఫిలిబేర్ గొయ్యి అంచున నిలబడి ఉన్నాడు. డెబ్భై తొమ్మిదేళ్ళ మనిషి, మోచేతులదగ్గర అతుకులేసిన కోటు, చేతిలో ఐసు పగలగొట్టే గునపం.

"నేనే బాబాయ్. సొలాంజ్‌ని."

"దూలం కనపళ్ళేదా?"

"కనపడింది. బండి అవతలే ఆపాను."

"బండి అవతల, నువ్వు ఇవతల! పొలం తొక్కింది చాలదా, ఇప్పుడు తవ్వి ఎత్తుకుపోతావా?" అని ఆయన పూజాపాత్రతో మొదలుపెట్టి బలిపీఠందాకా వచ్చాడు.

ఆమె ఆయన ఆగేదాకా ఆగింది. "ధూపకలశం మిగిలింది," అంది.

"ఏంటీ?"

"ఎప్పుడూ దాంతోనే ముగిస్తారుగా. అదయ్యాక ఇటు వచ్చి ఇది చూడండి."

ఆయన కిందికి దిగలేదు. మోకాళ్ళు వంగడానికి కొంతసేపు పట్టింది. చివరికి గొయ్యి అంచున బోర్లా పడుకుని, చెయ్యి కిందికి చాచాడు. ఆమె ఆ చేతిని పట్టి కొయ్యమీద పెట్టింది. ఆయన వేళ్ళు కొయ్య తలను తడిమాయి. అది క్లబ్బు పంచిన వెదురు కాదు. దేవదారు కర్ర, తల ఏటవాలుగా ఒకే గొడ్డలివేటుతో తెగింది. తన పొలానికి కావలసిన కొయ్యలను తనే చెక్కి ఇస్తాడు ఫిలిబేర్. ప్రతి నవంబరులో కొట్టం మూలన నిలబడి చెయ్యెత్తి, ఎడమకూ కుడికీ ఊపి, అవి ఎక్కడ దిగాలో చెప్పేదీ ఆయనే. అలా చెయ్యెత్తితేనే ఆ ఏడాదికి దారి ఇచ్చినట్టు. కాగితం లేదు, సంతకం లేదు.

"ఇది నా కొయ్యే," అన్నాడు. "నువ్వు పీకి తెచ్చి ఇక్కడ గుచ్చావు."

"పీకి చూడండి."

ఆయన లాగాడు. పళ్ళు బిగించి మళ్ళీ లాగాడు. నేల గడ్డకట్టింది డిసెంబరు మొదటివారంలో. ఆ తర్వాత ఆ నేలలో కొయ్య దింపాలంటే డ్రిల్లు కావాలి. ఆ సంగతి ఆయనకు ఆమె చెప్పవలసిన పనిలేదు.

అడుగున గడ్డిలోంచి పైకి తేలిన వెల్లుల్లి రెబ్బనొకదాన్ని ఆమె ఏరి ఆయన చేతిలో పెట్టింది. అది మెత్తగా నలిగి ఉంది. దాన్ని కోటు జేబులో వేసుకుని లేచాడు. కొట్టంవైపు నడిచాడు. రమ్మనలేదు, వద్దనలేదు. ఆమె వెనకాలే వెళ్ళింది.

కొట్టం మూలన, పునాదిరాయి పక్కన, ఆయన ఎప్పుడూ నిలబడే చోటు ఉంది. అక్కడ నిలబడి, ఊరివైపు తిరిగి, ఎడమకన్ను మూసి, కుడిచెయ్యి చాచి బొటనవేలు నిలబెట్టాడు. సొలాంజ్ ఆయన భుజం వెనక నిలబడి, ఆ చెయ్యివెంట చూపు సారించింది. వేలి తలమీద, కిలోమీటరు దూరంలో, బూడిదరంగులో నిటారుగా సెల్ టవరు ఉంది. దాని ఎడంపక్కన, దిబ్బమీద, చర్చి. చర్చిమీద ఏమీ లేదు. వంగిపోతోందని సెప్టెంబరులో క్రేను తెచ్చి శిఖరాన్ని దింపేశారు; దాని మొండెంమీద చెక్కలు కప్పారు. గంటను పచ్చికలో పెట్టారు. అదిప్పుడు మంచుకింద ఎక్కడో ఉంది.

ఆయన చెయ్యి దించలేదు.

"ఆ రోజు మంచు పడుతోంది," అన్నాడు ఎవరితోనో అన్నట్టు. "గేతాన్ పాతుతూ వెళ్ళాడు. తొందర, తొందర అంటూ. నేను చెయ్యెత్తాను. నిటారుగా ఉంది కదా. ఈ ఊళ్ళో నిటారుగా ఉన్నదల్లా శిఖరమే, నేను పుట్టినప్పట్నుంచీ."

సొలాంజ్‌కు అనవలసినవి చాలా ఉన్నాయి, నాలుక చివరన నిలబడి ఉన్నాయి. కానీ ఆయన మూసిన కన్ను ఇంకా తెరవలేదు. తెరిచిన కంట్లో నీళ్ళు ఊరి, చలికి రెప్పలు అంటుకుంటున్నాయి. ఆ కన్ను టవరునూ దాని పక్కనున్న ఖాళీనీ మార్చిమార్చి వెతుకుతోంది.

"ఇంటికి పో అమ్మాయ్," అన్నాడు చివరికి.

"బాట సంగతి..."

"పొమ్మన్నానా?"

ఆ సాయంత్రం ఆమె ఇంకా ఎక్కువ తిరిగింది. నిజం తెలియకముందు ఉన్న గుబులు ఒకటి. తెలిశాక దాన్ని ఎక్కడ పెట్టాలో తెలియని గుబులు మరొకటి. రెండుసార్లు ఫోను చేతిలోకి తీసుకుంది. ఒక్కమాట చెబితే చాలు, తాళంచెవి వెనక్కి వస్తుంది, పేరూ వస్తుంది. చెబితే మాత్రం ఆ కొట్టం మూలన ఫిలిబేర్ చెయ్యెత్తడం అదే ఆఖరు. పాపం, పెద్దాయనకి చూపు ఆనట్లేదు అంటారు. ఎంతో ప్రేమగా అంటారు. వచ్చే నవంబరులో ఎవరో కుర్చీ వేసి ఆయన్ని కిటికీ పక్కన కూర్చోబెడతారు. కానీ తన పేరు మాత్రం ఊరికే వచ్చిందా? ఫోనును రొట్టెల డబ్బామీద పెట్టి, అక్కణ్ణుంచి తీసి అల్మరాలో పెట్టింది.

శుక్రవారం మధ్యాహ్నం గేతాన్ స్వయంగా వచ్చాడు. గుమ్మంలో బూట్లమీది మంచు దులుపుకుంటూనే మొదలుపెట్టాడు. "ఏం మాయ చేశావు? కాళ్ళమీద పడ్డావా?"

"నేనెవరి కాళ్ళమీదా పళ్ళేదు."

"మరేంటి? పెద్దాయన ఫోను చేశాడు. దూలం తీస్తాట్ట. కొయ్యలు మళ్ళీ పాతాలట, తనే చెయ్యెత్తుతాట్ట. ఫోన్లో మ్యాపు ఉంది కదా బాబాయ్, చలిలో మీకెందుకు అన్నాను. దాన్ని పట్టుకుని నీ వంటింట్లో నడువు అన్నాడు." అతను జేబులోంచి తాళంచెవి తీసి, ఈసారి తనే చెయ్యి చాచాడు. "నడిపేది నువ్వేనట. వేరే ఎవడెక్కినా బాట లేదంటున్నాడు. క్షమించమని అడిగావన్నమాట. మంచిపని చేశావు, తప్పు ఒప్పుకుంటే చిన్నతనం ఏం లేదు."

ఆమె తాళంచెవి తీసుకోలేదు. "తప్పు ఒప్పుకున్నానని ఆయన చెప్పాడా?"

"చెప్పలేదనుకో. ఇంకేం ఉంటుంది?"

"ఆయన్నే అడుగు."

"ఇప్పుడెందుకే అవన్నీ! సాయంత్రం ఆరుకల్లా నువ్వు బయల్దేరితే, రాత్రంతా గట్టిపడి పొద్దున్నకి బాట సిద్ధం. మూడొందల బళ్ళు!" అతను తాళంచెవిని బల్లమీద పెట్టాడు. "ఇంకో సంగతి. నాలుగున్నరకి యంత్రాన్ని చర్చి ముందు నిలబెట్టి, నెత్తిమీది పసుపులైటు తిప్పుతూ ఉండాలట. ఎందుకో నాకైతే బోధపడలేదు. ముసలితనం."

సొలాంజ్‌కు బోధపడింది. తాళంచెవిని తీసి జేబులో వేసుకుంది. జేబు బరువు జేబుకు వచ్చింది. మిగతా బరువు ఎక్కడిదక్కడే ఉంది.

నాలుగున్నరకు వెలుగు నీలంగా మారింది. ఆమె యంత్రాన్ని దిబ్బ ఎక్కించి, చర్చి తలుపుముందు పొలాలకేసి తిప్పి ఆపింది. రెక్కను పైకెత్తింది. లైటు మీట నొక్కింది. పసుపు వెలుగు మూసిన తలుపుమీదుగా, మొండెంమీది చెక్కలమీదుగా, సమాధులమీది మంచుమీదుగా గుండ్రంగా తిరగసాగింది. దూరాన కొట్టం అగ్గిపెట్టెంత కనిపిస్తోంది. దాని మూలన ఒక చుక్క. పొలం మధ్యలో నడుములోతు మంచులో కొయ్యల మోపు ఎత్తుకుని ఈదుతున్న ఇంకో చుక్క, గేతాన్. ఆమె కాలు కుదురుగా లేదు. మడమ నేలను తడుతూనే ఉంది.

రేడియో గరగరలాడింది. గేతాన్ తన రేడియోల్లో ఒకటి పెద్దాయనకు ఇచ్చి వచ్చినట్టున్నాడు.

"ఎక్కడ నొక్కాలి దీన్ని? ఇక్కడా? ఆ. వినపడుతోందా?"

"వినపడుతోంది బాబాయ్," అన్నాడు గేతాన్, ఆయాసపడుతూ.

"ఇది ఎవరెవరికి వినపడుతుంది?"

"అందరికీ. సొలాంజ్‌కి, క్లోవిస్‌కి, కాపలావాళ్ళకి. ఉగెత్ హోటల్లో కాఫీ తాగేవాళ్ళకి కూడా. ఇవాళ అక్కడ జనం కిటకిటలాడుతున్నారు. కాబట్టి తిట్లు మాత్రం వద్దు."

"తిట్టకుండా ఎలా? తిట్టవలసిన మనిషి ఉన్నాడు." కొంతసేపు గాలి మాత్రమే వినిపించింది. "నేను ఫిలిబేర్‌ని. నవంబరులో చర్చి శిఖరం అనుకుని ఫోను స్తంభాన్ని చూసి చెయ్యెత్తాను. నా వెల్లుల్లిమీదికి బాట వేసుకున్నది నేనే. ఆ అమ్మాయి నేను చూపించిన గీతమీదే నడిపింది, వెంట్రుకవాసి తప్పలేదు. తప్పిందని నేనన్నాను. గేతాన్ నమ్మాడు. నమ్మడం వాడికి వీలుగా ఉంది." మళ్ళీ గాలి. "ధూపకలశం!" అన్నాడు గట్టిగా, లెక్క పూర్తిచేస్తున్నట్టు.

పొలంలో ఈదుతున్న చుక్క ఆగిపోయింది. తర్వాత ఉగెత్ గొంతు వచ్చింది. వెనకాల పళ్ళేల చప్పుడు లేదు, మాటల రొద లేదు, హోటలంతా ఊపిరి బిగబట్టినట్టుంది. "వినపడింది, ఫిలిబేర్ గారూ. ఇక్కడ అందరికీ వినపడింది."

"వినపడితే చాలు. అమ్మాయ్, ఉన్నావా?"

సొలాంజ్ మీట నొక్కింది. "ఉన్నాను బాబాయ్."

"లైటు కనపడుతోంది. బాగానే కనపడుతోంది. ఎక్కడ ఆపావు?"

"తలుపు ముందు."

"శిఖరం తలుపుమీద ఉండేది కాదు. నీకు పెళ్ళయింది ఆ చర్చిలోనే కదా, ఎప్పుడూ తలెత్తి చూళ్ళేదా? రెండు బారలు కుడికి జరుపు."

"ఎవరి కుడి? మీదా, నాదా?"

"నాది! చూసేది నేను కదా."

ఆమె యంత్రాన్ని కొంచెం వెనక్కి తీసి, తన ఎడమవైపుకు తిప్పి, అంగుళం అంగుళంగా కదిలించింది. పట్టాలకింద మంచు కిర్రుమంది. పసుపు వెలుగు తలుపునుంచి గోడమీదికి, గోడమీంచి మొండెం మూలకు జరిగింది.

"ఇంకొంచెం," అన్నాడాయన. "ఇంకొంచెం. ఇంకొక్క అడుగు. ఆగు. అదీ. కదలకు."

నాలుగురోజులుగా ఒకచోట నిలవని మనిషి, ఇంజను ఆపకుండా, చేతులు ఒడిలో పెట్టుకుని, కదలకుండా కూర్చుంది. దూరాన కొట్టం మూలనున్న చుక్కలోంచి సన్నటి గీతలా ఒక చెయ్యి లేచింది. ఎడమకు ఊగింది. కొద్దిగా కుడికి. నిలిచింది. పొలంలోని చుక్క వంగి, మొదటి కొయ్యను దించింది.